సగటు సర్దుబాటు

“ఒసేయ్ లోవలక్ష్మీ, సంచీ తీసుకుని బయటికి నడు. నీ వెనక ఆ నలుగురూ కూడా!”

గున్నేశ్వరరావు మాస్టారు చేతిలో సుద్దముక్క గుమ్మంవైపు తిరిగింది. ఎనిమిదో తరగతి ఎ సెక్షన్లో అయిదుగురు పిల్లలు బిత్తరపోయి లేచారు. ఎ సెక్షన్లో ముప్ఫయి అయిదుగురూ బి సెక్షన్లో పాతికమందీ ఉన్నారని, చెరి ముప్ఫయి చెయ్యమని హెడ్‌మిస్ట్రెస్ మాణిక్యాంబ పొద్దున్నే చెప్పింది. ఎవర్ని పంపాలో మాత్రం చెప్పలేదు. ఆ పని గున్నేశ్వరరావు చిటికెలో తేల్చేశాడు.

“మేమేం తప్పు చేశామండీ మాస్టారండీ?” అంది లోవలక్ష్మి.

“క్వార్టర్లీలో నలభై రెండు తెచ్చుకున్నావే, అదే తప్పు. అక్కుళ్ల బియ్యం ఎంత మేలురకమైనా నూకలు చెరిగితేగానీ అన్నం పదునుగా ఉండదు. నడు నడు.”

క్లాసు గొల్లున నవ్వింది. అయిదుగురూ తలలు వంచుకుని బయటికి పోయారు.

“ఇప్పుడు సగటు పాఠం చూడండి” అంటూ అతను బోర్డు తుడిచాడు. “ఇందాకటిదాకా మనం ముప్ఫయి అయిదుగురం, సగటు అరవై. మొత్తం ఎంతరా?”

“రెండువేల నూరండీ.”

“పోయిన అయిదుగురివీ కలిపి రెండొందల పది. మిగిలింది?”

“పద్దెనిమిదివందల తొంభై అండీ.”

“ముప్ఫయితో భాగించు.”

“అరవై మూడండీ!”

గున్నేశ్వరరావు చేతులు దులుపుకున్నాడు. పాఠం చెప్పకుండా, ఒక్కడి చేతా ఎక్కం వల్లెవేయించకుండా, అయిదు నిమిషాల్లో సగటు మూడు మార్కులు పెరిగింది. సోమవారం తనిఖీకి విద్యాధికారి భాస్కరం వస్తున్నాడు. ఆయన ఒక్క మాట రాస్తే చాలు, ఈ పల్లెటూరి స్కూలు వదిలించుకుని రాజమండ్రి బదిలీ మీద వెళ్లిపోవచ్చు.

మధ్యాహ్నం స్టాఫ్‌రూములోకి బి సెక్షన్ టీచరు నాగేశ్వరి వచ్చింది. ఆవిణ్ణి చూస్తే గున్నేశ్వరరావుకి మొదట్నించీ చులకనే.

“చిత్రంగా ఉందండీ మాస్టారూ. మా సెక్షన్ సగటు ముప్ఫయి ఉండేదండి. మీ పిల్లలు రాగానే ముప్ఫయి రెండయింది. లోవలక్ష్మే లెక్క చేసింది. ‘ఎవరికీ ఒక్క మార్కు పెరగలేదు కదండీ, రెండు సగట్లూ ఎలా పెరిగాయండీ’ అని నన్నే అడిగింది.”

“తవుట్లో పడితే నూకే మారాజు, నాగేశ్వరి గారూ” అన్నాడతను, పళ్లు కుట్టుకుంటూ. “నాకు బరువు దిగింది, మీకు బలం వచ్చింది. నాకో దణ్ణం పెట్టుకోండి.”

“పిల్లలు పొద్దుట్నించీ ఏడుస్తూనే ఉన్నారండీ.”

“ఏడవనివ్వండి. ఏడుపుకి మార్కులుండవు.”

సోమవారం భాస్కరం వచ్చాడు. బక్కపలచటి మనిషి. మాట తక్కువ. రెండు సెక్షన్ల పట్టికలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. “వారంలో రెండు సెక్షన్ల సగట్లూ పెరిగాయే! ఎవరి చలవండీ ఇది?”

మాణిక్యాంబ నోరు తెరిచేలోగా గున్నేశ్వరరావు ముందుకొచ్చాడు. “నాదేనండి!” అని, ముప్ఫయి అయిదూ పాతికా దగ్గర్నించి మొదలుపెట్టి మొత్తం విప్పి చెప్పాడు.

భాస్కరం శ్రద్ధగా విన్నాడు. “అయితే ఇక్కడ అడుగున ఉన్నవాళ్లని తీసి, అంతకన్నా అడుగున ఉన్నచోట వేస్తే రెండుచోట్లా సగటు పెరుగుతుందంటారు.”

“అంతేనండి ఆయ్! కొత్తగా ఎవరికీ ఓ ముక్క నేర్పక్కర్లేదండి.”

భాస్కరం ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత బి సెక్షన్‌కి వెళ్లి లోవలక్ష్మిని లేపాడు. “సెక్షన్ మారావు కదమ్మా, ఏం తేడా కనిపించింది?”

“ఎక్కడ కూచున్నా నా మార్కులు నలభై రెండేనండి” అంది ఆ పిల్ల.

గుమ్మం దగ్గర నిలబడ్డ గున్నేశ్వరరావు ముక్కుతో నవ్వాడు. “చూశారా అండీ, ఇదీ దీని తెలివి.”

భాస్కరం ఆఫీసుగదిలో కూచుని సాయంత్రం దాకా స్కూలు రికార్డులన్నీ తిరగేసి వెళ్లిపోయాడు.

పదిహేనురోజులకి గున్నేశ్వరరావు పేర కవరొచ్చింది. పైన అధికారి ముద్ర చూడగానే అతను జేబులోంచి నోటు తీసి, అందరికీ పెసరట్లు పట్రమ్మని ప్యూను ముసలయ్యని హోటలుకి తోలాడు. “రాజమండ్రి వెళ్లినా మిమ్మల్ని మరిచిపోన్లెండి” అని నాగేశ్వరితో అని, కవరు చింపాడు.

రాజమండ్రి కాదు. పట్టిసీమ దాటి, ఇంకా ఎగువకి పోయి, లాంచీ దిగి ఆరుమైళ్లు నడిస్తే వచ్చే ఊరు.

పెసరట్లు రాకముందే అతను బస్సెక్కాడు. చెమటలు కక్కుకుంటూ భాస్కరం బల్లముందు నిలబడ్డాడు. “గుమాస్తాలెవరో పొరపాటున రాసేశారండి. నాకు... ఆ అడివిలోకి...”

“పొరపాటు కాదండి. నేనే రాశాను.” భాస్కరం కాగితాల మీంచి తల కూడా ఎత్తలేదు. “మూడేళ్ల పదో తరగతి ఫలితాలు మాస్టర్లవారీగా తీయించాను. మీ స్కూల్లో అందరికన్నా అడుగున ఉన్న పేరు మీదేనండి. అక్కడి మాస్టర్లు మీకన్నా తీసికట్టు. మీరు దయచేస్తే, రెండు స్కూళ్ల సగటూ పెరుగుతుంది.”