రోమాయణం మాస్టారి తీర్పు

"చెత్త!" అన్నాడు ప్రొఫెసరు, కాగితాల కట్టని బల్ల మీదకి విసిరి.

ఇతరులు రాసింది ఏదైనా ఆయన మధ్యలోంచే చదువుతాడు. చెత్తని మొదటినుంచీ చదివేంత ఆయుష్షు తనకి లేదంటాడు. ముందుమాటల జోలికి అసలే పోడు. అవన్నీ ఒకరి వీపు ఒకరు గోక్కోడాలని ఆయన సిద్ధాంతం.

రోమన్ చట్టంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనే చెబుతాడు. ఏళ్ళ తరబడి అదే పాఠం, అదే కోటు, అవే ఎత్తిపొడుపులు. విద్యార్థులు ఆయన క్లాసుకి 'రోమాయణం' అని పేరు పెట్టారు. చాటున ఆయన్నీ అలాగే పిలుస్తారు. అది ఆయన చెవిన పడకపోలేదు. వాళ్ళ తెలివి అంతవరకే అని పెదవి విరిచాడు.

పరాయి దేశంలో చదువుకుని వచ్చి, చిన్న వయసులోనే పెద్ద కుర్చీ ఎక్కాడు. ఆ తరవాత దిగలేదు. వచ్చే నెల కాలేజీ ఆయనకి సన్మానం కూడా తలపెట్టింది. ఆయనకి పేరు తెచ్చిపెట్టింది ఒకటే వాదం. చట్టం వస్తువని తేలిస్తే వస్తువే, మనిషని తేలిస్తే మనిషే. మధ్యలో జాలికి చోటు లేదు. రోములో బానిస వస్తువు. వస్తువుకి హక్కులేమిటి? ఈ ఒక్క ముక్కనే లావుపాటి పుస్తకాల నిండా తిప్పి తిప్పి చెప్పాడు. ఫ్యాక్టరీల యజమానులు సలహా కోసం ఆయన గుమ్మం ముందు బారులు తీరేవారు. కాదన్నవాళ్ళని ఆయన మాటలతోనే నంజుకు తినేవాడు. ఒక కుర్ర లెక్చరరు ఆ దెబ్బకి పాఠాలే మానేసి బీమా ఏజెంటు అయ్యాడు.

"ఇన్నాళ్ళకి తగిన పనిలో పడ్డాడు," అన్నాడు ప్రొఫెసరు ఆ కబురు విని.

ఇప్పుడు ఈ లెక్చరరమ్మ వంతు. ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. ఎన్నేళ్ళయినా ఉద్యోగం తాత్కాలికమే. ఈసారీ బోర్డు పర్మనెంట్ చేయకపోతే ఇక ఇంటికే. ఆ బోర్డుకి పెద్ద ఈయనే.

మధ్యాహ్నం ఆమె ఈ కట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మాస్టారూ, ఇది మీరొకసారి చూడాలి. అసలు ఇదేమిటంటే..."

"అక్కడ పెట్టు."

"ఒక్క మాటండీ..."

"నాకు అక్షరాలొచ్చమ్మా. ఏముందో చదువుకోగలను." తలుపు వేసేశాడు.

ఇప్పుడు ఇంట్లో భార్య కుట్టుపని మీంచి తలెత్తి అడిగింది. "మరీ అంత చెత్తగా ఉందా?"

"విను." ఆయన కళ్ళజోడు సర్దుకుని, గొంతు సాగదీసి వెటకారంగా చదివాడు. "'బానిసని వస్తువు అంది చట్టం. ఆ వస్తువు కుదిర్చిన బేరం మాత్రం చెల్లుతుందంది. అంటే చట్టం తన మాట తనే నమ్మలేదు.' ఆహా! కవిత్వం! ఇది లా కాలేజీ అనుకుందా, నాటకాల కంపెనీ అనుకుందా?"

భార్య సూది ఆపింది. "బావుందండీ. ఎక్కడో విన్నట్టు కూడా ఉంది."

"అయితే కాపీ కూడానన్నమాట!"

ఆయన మొహం వెలిగింది. ఎర్ర పెన్ను తీశాడు. ఆ వాక్యం దగ్గర మాత్రం చెయ్యి కాసేపు ఆగింది. ఎందుకో ఆయనకి అంతు పట్టలేదు. అంతు పట్టనిదాన్ని కొట్టేయడం ఆయనకి అలవాటు. అడ్డంగా గీత కొట్టాడు.

మర్నాడు బోర్డు. పొడుగాటి బల్ల వెనక మధ్యలో ఆయన, అటు డీను, ఇటు రిజిస్ట్రారు. ఇద్దరూ ఆయన నవ్వితే నవ్వే రకం. ఆమె పరిశోధన వ్యాసాలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. ఆయన వాటి వంక కూడా చూడలేదు. సంచీలోంచి ఎర్రబారిన ఆ కట్ట తీశాడు.

"మాస్టారూ, అది ఇంటర్వ్యూ కోసం..."

"నేను మాట్లాడుతున్నప్పుడు నువ్వు మాట్లాడకు."

చదవడం మొదలుపెట్టాడు. పేరాకో ఎకసెక్కెం. వాక్యానికో విరుపు. డీను పడీ పడీ నవ్వాడు. రిజిస్ట్రారు ఒక్క క్షణం ఆలస్యంగా అందుకున్నాడు.

"ఇది రాసిన బుర్రలో గుజ్జు లేదు. ఉన్నదంతా ఉడుకు," అన్నాడు ప్రొఫెసరు. "బానిసల మీద జాలట! చట్టాన్ని బోనెక్కిస్తుందట! పైగా ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చిన సరుకు. మా ఆవిడే పట్టేసింది."

"అయ్యో, మేడంగారే పట్టేశారా!" అన్నాడు డీను కళ్ళు తుడుచుకుంటూ.

"ఇలాంటిది రాసిన మనిషిని క్లాసురూము గడప తొక్కనివ్వకూడదు. నా దగ్గర చదివే రోజుల్లో ఇది రాసుంటే, ఆ రోజే చదువు మాన్పించి ఇంటికి తోలేసేవాణ్ణి. రాసుకోండి, నా మాటగానే రాసుకోండి."

రిజిస్ట్రారు రాసుకున్నాడు.

"ఏమ్మా, నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా?" మర్యాదకి అడిగాడు డీను.

ఆమె లేచి నిలబడింది. ఏడుస్తుందని ప్రొఫెసరు ఎదురుచూశాడు. ఏడవలేదు. ఆయన చేతిలోని కాగితాలనీ, వాటి మీది ఎర్రగీతలనీ చూస్తూ నెమ్మదిగా అంది:

"వచ్చే నెల సన్మానానికని నేను మన భాషలోకి మార్చాను గానీ, అందులో నా సొంత మాట ఒక్కటీ లేదండీ, అది మాస్టారు పరాయి దేశంలో చదువుకునే రోజుల్లో రాసిన మొదటి పుస్తకం."