నాగలి తగలని నేల

సోమవారం పుస్తకం అచ్చుకు వెళ్తుంది. ఈ దేశపు మట్టిలో సొంతంగా పుట్టిన మొక్కలన్నీ అందులో ఉన్నాయి. ఒక్క నీలిచుక్క పేరు ఎదుట మాత్రం ఖాళీ. ‘ఉంది’ అని రాయాలో, ‘అంతరించింది’ అని రాయాలో బోటనీ మేడమ్‌కి తేలడం లేదు.

జానెడు మొక్క. నువ్వుగింజంత పువ్వు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దానికోసం పదకొండేళ్లుగా కొండలూ గుట్టలూ గాలించింది. “నన్ను చేసుకునే ముందు కూడా ఇంత వెతకలేదు నువ్వు” అని మొగుడు దెప్పాడు.

చివరికి కాలేజీ బీరువాలో నలభై ఏళ్లనాటి ఎండుమొక్క ఒకటి దొరికింది. దాని కింద చీటీలో ఒక ఊరి పేరు, ‘గుడి వెనక, గోరీల మధ్య, చర్చి గోడ వార’ అని.

“నా బుర్రకి తట్టలేదు చూడు!” అని నెత్తి కొట్టుకుంది మేడమ్. “నాగలి తగలని నేల ఇప్పుడు దేవుళ్ల దగ్గరేగా మిగిలింది!”

“మీరు దిగులు పెట్టుకోకండి మేడమ్, నేనున్నాగా” అన్నాడు డ్రైవరు. అంతకుముందు అతను పన్నెండేళ్లు పారిశుద్ధ్యం ఆఫీసరు జీపు నడిపాడు.

శనివారం పొద్దున్నే ఊళ్లో దిగారు.

గుడి పూజారి గేటు దాకా ఎదురొచ్చాడు. “రండి తల్లీ, రండి!” వెనక పెరడు అద్దంలా మెరుస్తోంది. మేడమ్ భూతద్దం పట్టుకుని మోకాళ్ల మీద పాకింది. ఏమీ లేదు.

మసీదు పెద్దాయన గోరీల దగ్గర కుర్చీ వేయించాడు. “మా తాతలమ్మా వీళ్లంతా. ఇంత శుభ్రంగా ఇంట్లో కూడా పడుకుని ఉండరు!”

అక్కడా లేదు.

“ఎంత నీటుగా ఉంచుకున్నారో చూశారా మేడమ్?” డ్రైవరు మొహం వెలిగిపోతోంది.

“నీటు నాకెందుకయ్యా, మొక్క కావాలి!”

“అదిగో, గులాబీలున్నాయిగా!”

మేడమ్ అతనికేసి ఒక చూపు చూసి జీపెక్కింది.

చర్చి ఫాదర్ మంచినీళ్లిచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. “ఏమైనా పోటీ పెట్టారా అమ్మా? ఫస్టు మాదేనా?”

గోడ వార కొస నుంచి కొస దాకా వెతికింది. గడ్డిపరక కూడా లేదు. అరుగు మీద కూలబడి, సంచిలోంచి పుస్తకం కాగితాలు తీసి, నీలిచుక్క బొమ్మ పక్కనున్న ఖాళీలో ‘అంతరించింది’ అని రాసింది. ఆ అయిదక్షరాలు రాయడానికి చాలాసేపు పట్టింది.

పారతో అటుగా వచ్చిన తోటమాలి, కాగితం మీది బొమ్మ కేసి వంగి చూసి పకపకా నవ్వాడు.

“ఇదా అమ్మగారూ! పెద్ద మేడమ్ మొక్కలు చూడ్డానికొస్తున్నారు, పిచ్చిమొక్కన్నది ఒక్కటి కూడా కనబడకూడదని మీ డ్రైవరుగారు ఫోన్ చేశారని, మొన్న మూడు చోట్లా దీన్ని వేళ్లతో సహా పీకి తగలబెట్టింది నేనే!”