ముప్పై ఏడు మాటలు

"రేపు నువ్వు రావాల్సిందే ఆయమ్మా. రానంటే ఇక్కణ్ణుంచి కదలను," అంది కండక్టరమ్మ, క్రెష్ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

రోజంతా బస్సులో "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరిచీ అరిచీ ఆమె గొంతు బొంగురుపోయింది. మధ్యలో రెండు గంటలు పర్మిషన్ పెట్టి కొడుకుని డాక్టరుకి చూపించి, మళ్ళీ ఇక్కడ దింపి వెళ్ళింది. డ్యూటీ దిగగానే యూనిఫామ్‌తోనే పరిగెత్తుకొచ్చింది. మిగతా పిల్లలందరూ వెళ్ళిపోయారు. ఆమె కొడుకు ఒక్కడే చాప మీద ముంగిలా కూర్చుని చెక్క దిమ్మల్ని వరసగా పేరుస్తున్నాడు. వాడికి రెండున్నరేళ్ళు.

"డాక్టరు దగ్గర నాకేం పని అమ్మాయీ?" అంది ఆయమ్మ, చీపురు గోడకి ఆనించి. "ఓనరమ్మ సెలవివ్వదు. పైగా నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా."

"నీ మోకాళ్ళకి ఆటో పెడతా. ఓనరమ్మ కాళ్ళు నేను పట్టుకుంటా. సరేనా?"

ఆయమ్మకి నవ్వు రాలేదు.

కండక్టరమ్మ సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఆ క్రెష్‌లో ప్రతి పిల్లాడికీ అలాంటిది ఒకటి ఉంటుంది. పేజీ మధ్యలో గీత కొట్టి, ఒక పక్క 'ఇంట్లో కొత్త మాటలు', రెండో పక్క 'ఇక్కడ కొత్త మాటలు' అని ఓనరమ్మ తన చేత్తో రాస్తుంది. ఆవిడకి పిల్లలకంటే గీతలంటేనే ఎక్కువ ముద్దు. తల్లి పొద్దున తన గడి నింపి పంపాలి, ఆయమ్మ సాయంత్రం తన గడి నింపి పంపాలి. బుడ్డోడి పుస్తకంలో ఇంటి పక్క పద్దెనిమిది మాటలున్నాయి, క్రెష్ పక్క పంతొమ్మిది.

"ఇవాళ డాక్టరు ఇదంతా చదివాడు. ముప్పై ఏడు మాటలు, వయసుకి తక్కువే గానీ కంగారు లేదన్నాడు. 'ఏదీ, ఒక్క మాట అనిపించండి' అన్నాడు. ఎంత బతిమాలానో ఆయమ్మా! బంతి చూపించా, పాలసీసా చూపించా. ఉహూఁ. పేరు పెట్టి పిలిస్తే తల కూడా తిప్పలేదు."

"కొత్త మనిషి కదా, బెదిరి ఉంటాడు."

"ఆయనా అదే అన్నాడు. కొందరు పిల్లలు ఒకచోట వసపిట్టల్లా వాగి, ఇంకోచోట నోరు కుట్టేసుకుంటారట. అదైతే భయం లేదట. ఎక్కడా మాట్లాడకపోతేనే అసలు జబ్బట. అదే అయితే ఏడాది కిందటే తీసుకురావాల్సిందట. ఇప్పటికే చాలా ఆలస్యం చేసినట్టట." కండక్టరమ్మ నోటుబుక్కు మూసింది. "అందుకే, వాడు ఎవరితో మాట్లాడతాడో ఆ మనిషిని రేపు తీసుకురమ్మన్నాడు."

"మరి నువ్వున్నావుగా తల్లీ!" ఆయమ్మ గబగబా అంది. "నీ దగ్గర పద్దెనిమిది మాటలు అన్నాడు. వాడి మొట్టమొదటి మాట 'పాలు' కూడా నీ దగ్గరే. కన్నతల్లివి నువ్వుండగా మధ్యలో నేనెందుకు?"

కండక్టరమ్మ అక్కడున్న పిల్లల కుర్చీలో కూలబడింది. ఆ పెద్ద మనిషికి ఆ చిన్న కుర్చీ ఏమూలకీ సరిపోలేదు.

"నా దగ్గర ఒక్కటీ అనలేదు ఆయమ్మా."

"ఏంటీ?"

"నా గడిలో ఉన్నవన్నీ అబద్ధాలు. మొదటి వారం ఖాళీగా పంపితే ఓనరమ్మ మొహం అదోలా పెట్టింది. పక్క పిల్లల పుస్తకాలేమో నిండిపోతున్నాయి. సిగ్గేసి 'పాలు' అని రాసి పంపా. ఆ సాయంత్రమే నువ్వు 'బంతి' అని రాశావు. అది చూసి ఎంత ఏడ్చానో, ఎంత సంతోషించానో! నా బిడ్డకి మాటొచ్చు, నా దగ్గరే రావట్లేదు అనుకున్నా. ఊరందరి మీదా అరిచి ఇంటికెళ్ళాక వాడితో నాలుగు మాటలాడే ఓపిక నాకెక్కడిది? తప్పు నాదే. అప్పట్నుంచీ రోజూ నీ గడి చదువుకునే బతుకుతున్నా."

ఆయమ్మ మోకాళ్ళ మీద చేతులానించి మెల్లగా చాప మీద కూర్చుంది. "బుజ్జీ," అని పిలిచింది. "ఒరే బుజ్జిగా, ఇటు చూడు నాన్నా." గట్టిగా చప్పట్లు కొట్టింది. వాడు ఎర్ర దిమ్మ పక్కన ఇంకో ఎర్ర దిమ్మ పెట్టాడు. ఆయమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అబద్ధం చెప్పినందుకు నొచ్చుకుందనుకుంది కండక్టరమ్మ. కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తిట్టు ఆయమ్మా, చెప్పుతో కొట్టినా పడతా. కానీ రేపు వచ్చి ఆ డాక్టరు ముందు వాడి చేత ఒక్కటంటే ఒక్క మాట అనిపించు. నీ దగ్గర అన్నవాటిలో ఏదైనా సరే. 'బంతి' చాలు."

ఆయమ్మ ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది.

"ఇంట్లో అంత చక్కగా మాట్లాడేవాడు నా దగ్గర నోరు విప్పట్లేదంటే, లోపం నా పెంపకంలోనే ఉందనుకున్నాను తల్లీ... రోజూ నీ గడి చూసి నా గడి నింపాను."