నాలుగో కత్తి

"దీంతో మీరు కూరలు కోస్తున్నారా, రోడ్డు తవ్వుతున్నారా?"

కురోజుమి కత్తిని కిటికీలోని సాయంత్రపు వెలుగులోకి ఎత్తి, వాదరని బొటనవేలి గోటి మీద ఆనించాడు. గోటిని పట్టుకోకుండా సర్రున జారిపోయింది. కౌంటరుకి ఇవతల మసుయో చేతిసంచీ పట్టుకుని తలవంచుకు నిలబడింది. ఆవిడకి డెబ్భై దాటాయి.

"తప్పేనండీ. ఇలాంటిదే ఇంకొకటి ఇవ్వండి."

జపాన్‌లోని సకాయ్ ఊళ్లో ఆ కత్తుల కొట్టు కురోజుమి తాతగారి నాటిది. అతని దగ్గర కత్తి కొన్నవాళ్ల కంటే, అమ్మనని అతను తిప్పి పంపేసినవాళ్లే ఎక్కువని వీధిలో చెప్పుకుంటారు. ఏం వండుతారు, ఎంతమందికి, ఎవరు కడుగుతారు అని అన్నీ అడిగాకే పెట్టె తెరుస్తాడు. మసుయోకి మూడేళ్ల కింద మొదటిసారి ఇచ్చింది సాంతోకు కత్తి. కూరకీ, చేపకీ, మాంసానికీ ఇంట్లో అదొక్కటి ఉంటే చాలు. ఒద్దికగా వాడితే ముప్పై ఏళ్లు వస్తుంది. ఆవిడ అప్పుడే మూడోదాన్ని అరగదీసింది. మూడు వేళ్ల వెడల్పుండాల్సిన అలుగు ఒకటిన్నర వేలికి దిగిపోయింది.

"గాజు పలక మీద కోస్తున్నారా?"

"లేదండీ, చెక్క మీదే."

"ఎముకలు? గడ్డకట్టిన మాంసం? పోనీ గుమ్మడికాయలో దింపి మెలితిప్పుతున్నారా?"

"అబ్బే, లేదండీ."

కురోజుమికి అర్థం కానిది ఇంకోటుంది. అరిగిపోయినా ఆ కత్తికి సాన పట్టిన తీరు మాత్రం అద్భుతం. పిడి దగ్గర్నుంచి మొన దాకా ఒకటే వాలు. తన దగ్గర పనిచేసినవాళ్లలో కూడా అంత చెయ్యి తిరిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

"సాన ఎవరు పడతారు?"

"మా ఆయనండీ. రేవు దగ్గర చేపల హోటల్లో నలభై ఏళ్లు వంట చేశారు."

"అదీ సంగతి! మీ ఇంట్లో ఒకరు దేవుడు, ఇంకొకరు దెయ్యం. ఆయన ఓపికకి దణ్ణం పెట్టాలి. ఓసారి ఆయన్నే పంపండి, మాట్లాడతాను."

"బయటికి రావడం మానేశారండీ."

కురోజుమి వెనకాల అరలోంచి వేరే పెట్టె తీశాడు. "అయితే ఇది పట్టుకెళ్లండి. తుప్పు పట్టదు. గట్టి ఉక్కు. ఆర్నెల్లకోసారి సాన పడితే చాలు. పాపం ఆయనకీ కాస్త తెరిపి."

"వద్దండీ. ఆ పాత రకమే ఇవ్వండి. రాయి మీద త్వరగా పదునెక్కేది."

"త్వరగా పదునెక్కేది త్వరగా మొద్దుబారుతుంది కూడానమ్మా!"

"ఫరవాలేదండీ. అదే కావాలి."

అతనికి ఒళ్లు మండింది. "ఆ కత్తి చేసే కమ్మరికి ఎనభై ఒకటో ఏడు. కొలిమి ముందు కూర్చుని ఒక్కో కత్తీ ప్రాణం పెట్టి చేస్తాడు. మీరు అరగదీయడానికి కాదు. మీకు అమ్మను."

"నాన్నా!" అంది లోపల్నుంచి కూతురు రిత్సుకో.

మసుయో వంగి నమస్కరించి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. కళ్లు లోతుకు పోయాయి. సంచీలోంచి సూపర్‌మార్కెట్లో దొరికే పల్చటి రేకు కత్తి తీసి కౌంటరు మీద పెట్టింది.

"ఇది కొన్నానండీ. రాయి మీద రెండుసార్లు లాగి పక్కన పడేశారు. మళ్లీ ముట్టుకోలేదు. కిటికీ దగ్గర కూర్చుంటున్నారు, అంతే. మీకు పుణ్యముంటుంది, ఒక్కటి ఇప్పించండి."

"ఇచ్చెయ్యి నాన్నా. కొనడానికి వచ్చినవాళ్ల మీద అలుగుతావేంటి?" అని రిత్సుకో చెవిలో గొణిగింది.

"ఇస్తాలే. ముందు ఈవిడ కోసే తీరేమిటో నా కళ్లతో చూడాలి."

చెక్కా, ముల్లంగీ, కొత్త కత్తీ తెచ్చి ముందు పెట్టాడు. మసుయో చొక్కా చేతులు పైకి మడుచుకుంది. చెక్క కదలకుండా కింద తడిగుడ్డ పరిచింది. జానెడు ముల్లంగి ముక్కని ఎడంచేత్తో తిప్పుతూ, తెగకుండా ఒకే పొరగా ఒలిచింది. ఆ పొర కింద పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. దాన్ని మడతపెట్టి దారాల్లా తరిగింది. చెక్క మీద చప్పుడే లేదు. కత్తి కడిగి, వీపు వైపు నుంచి తుడిచి, వాదర తనవైపు ఉండేలా పెట్టింది.

కురోజుమి ఒక ముల్లంగి దారాన్ని వేళ్లతో ఎత్తి వెలుగుకి పట్టి చూశాడు. "ఇది వంటవాళ్ల చెయ్యమ్మా. ఎవరు నేర్పారు?"

"ఆయనేనండీ. పెళ్లయిన కొత్తల్లో."

"రిత్సుకో, కట్టు," అన్నాడు. మళ్లీ అతనే, "ఇంత నేర్చిన చేతిలో కత్తి ఎలా మొద్దుబారుతుందమ్మా? నాకు నిద్ర పట్టేలా లేదు, చెప్పండి," అన్నాడు.

మసుయో కౌంటరు మీది రేకు కత్తిని తిరిగి సంచీలో పెట్టుకుంది.

"దానంతటది మొద్దుబారడం లేదండీ. రోజూ సాయంత్రం పెరటి మెట్టు రాయికేసి నేనే గీస్తాను."

కాగితం చుడుతున్న రిత్సుకో చేతులు ఆగిపోయాయి. కురోజుమి మొహం ఎర్రబడింది.

"మతి గానీ పోయిందా మీకు?"

"పొద్దున్నే ఆయన కత్తి చేతిలోకి తీసుకుని చూస్తారు. 'మసుయో! మళ్లీ పాడుచేశావా! నీకెన్నిసార్లు చెప్పాలే!' అని ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తారు. ఆ తర్వాత రాయి తడిపి కూర్చుంటారు."

"తిట్లు తినడానికి బంగారంలాంటి కత్తిని పాడుచేస్తారా ఎవరైనా?"

మసుయో కాగితం సగం చుట్టిన పెట్టెను రెండు చేతులా దగ్గరికి తీసుకుంది.

"ఆ కాసేపే ఆయనకి నేనెవరో గుర్తుంటుందండీ."