ముందు ఓబుళేసు పెట్టనీ

బుక్కరాయసముద్రం రోడ్డులో సోమశేఖర్ నూనె మిల్లు ముందు ఒక మనిషి బండి ఆపి, రేకుల పైకప్పు వైపే చూస్తూ నిలబడ్డాడు.

సోమశేఖర్‌కు ఒళ్లు మండింది. పొద్దున్నుంచి కరెంటు లేక మిల్లు ఆగింది. ఉన్న రోజున బిల్లు నడ్డి విరుస్తోంది. ఇలాగే సాగితే ఈ ఎండాకాలం తాతలనాటి మిల్లుకు తాళం వేయాల్సిందే. పైగా పైకప్పులు చూసుకుంటూ సోలార్ పలకలు అమ్మేవాడొకడు తయారు.

"ఏమప్పా, ఆడేం చూస్తాండావు? లోపలికి రా."

వచ్చినతను తన పేరు దివాకర్ అన్నాడు. ఈ రోడ్డులో ఎన్ని మిల్లులు సోలార్‌కు మారతాయో అంచనా వేస్తున్నానన్నాడు. అమ్మేవాళ్లంతా మొదట అలాగే అంటారు.

"మీరు పెట్టించుకుంటారా సార్?"

"ముందు ఎవురన్నా పెట్టనీ. చూసి పెడతాం."

ఆ రోడ్డులో అదే శాసనం. కొత్త మిషను ఏదొచ్చినా ముందు ఒకడు దిగాలి. వాడు మునగలేదని రూఢి అయ్యాకే మిగతావాళ్లు దూకుతారు.

"మరి ఎవరు పెడితే అందరూ పెడతారు?"

సోమశేఖర్‌కు ఎదురు మిల్లు ఓబుళేసు గుర్తొచ్చాడు. మిల్లుల సంఘం అధ్యక్ష ఎన్నికల్లో తన మీదే పోటీ చేసి ఓడినవాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఓబుళేసును అడుగుపో. వాడు పెడితే రోడ్డంతా పెడతాది."

దివాకర్ గడప దాటగానే సోమశేఖర్ ఫోనందుకున్నాడు. ఒక జిడ్డు మనిషి వస్తున్నాడని, ఏమడిగినా ఓబుళేసు పేరే చెప్పమని మిగతా అన్ని మిల్లులకూ కబురు చేశాడు. అధ్యక్షుడి మాట కాదనేవాళ్లు అక్కడ లేరు. ఆ మధ్యాహ్నం అన్నం కూడా రుచిగా తిన్నాడు.

రెండు నెలలకు ఓబుళేసు మిల్లు మీద పలకలు మెరిశాయి. కరెంటు పోయి రోడ్డంతా మూగబోయినా, బ్యాటరీల మీద అతని మిల్లొక్కటే ఆడుతోంది. వేరుశెనగ బస్తాలన్నీ అటే పోతున్నాయి.

సోమశేఖర్ పంతం మింగి రోడ్డు దాటాడు.

"ఎంతయిందప్పా?"

"పైసా కాలేదన్నా. కూర్చో, టీ తాగు."

"ఆ దివాకర్ ఊరికే ఇచ్చినాడా?"

"ఆయప్ప అమ్మేటోడు కాదన్నా, సర్కారు సోలార్ పథకం మనిషి. రోడ్డంతా ఎవరిని చూసి నడుస్తాదో కనుక్కోని, ఆ ఒక్క మిల్లుకు నమూనాగా ఊరికే బిగించేకి వచ్చినాడంట. అందరూ నా పేరే చెప్పినారంట."

ఓబుళేసు గ్లాసు చేతికిచ్చాడు.

"నేనొక్కడే, ఉన్నది ఉన్నట్టు నీ పేరు చెప్పినా."