రెండు ఎర్ర చుక్కలు

“ఇయ్యాల జాగ లేదు సార్. ఎల్లుండి తీస్కరాండ్రి,” అన్నాడు నరేందర్.

నాచారం ఫ్యాక్టరీల వెనక ఉన్న ఆ మెకానిక్ షెడ్డులో ఒకే ఒక్క బైకు ఉంది. మిగతా చోటంతా ఖాళీ. భూషణం ఆ ఖాళీని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. బయట ట్రాలీ ఆటోలో ఆయన భార్య అనంతలక్ష్మి కూర్చుని ఉంది. వెనక తాళ్ళతో కట్టిన స్పోర్ట్స్ బైకు మీద ఏడాది దుమ్ము పేరుకుంది.

ఆ బండి మలుపు తిరుగుతుండగానే నరేందర్ గుర్తుపట్టాడు. అది వాళ్ళబ్బాయి తేజేష్‌ది. పోచారంలో ఉద్యోగం. కిందటేడు పీర్జాదిగూడ దగ్గర డివైడర్‌కు కొట్టుకుని పడిపోయాడు. బండికి ట్యాంకు మీద సొట్ట పడింది, మనిషి మాత్రం మిగల్లేదు. అతివేగమని పోలీసులు రాసుకున్నారు.

ఆ ముందురోజు సాయంత్రం బండి ముందు బ్రేకు విప్పి బిగించింది నరేందరే. బిగించాడా? మధ్యలో ఫోనొచ్చింది, కూతురు గౌతమికి జ్వరం ఎక్కువైందని. దవాఖానాకు పరిగెత్తి, తిరిగొచ్చి, హడావిడిగా బండి ఇచ్చేశాడు. ఆఖరి రెండు బోల్టుల సంగతి ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాదు. కళ్ళు మూసుకుంటే చాలు, చేతిలో పానా ఉంటుంది, చెయ్యి మాత్రం తిరగదు. అప్పటినుంచి ఒక్కో బోల్టునూ పదిసార్లు బిగించి చూసుకుంటున్నాడు. గంట పనికి రెండు రోజులు పట్టే మెకానిక్కు దగ్గరికి ఎవరొస్తారు? గిరాకీ అంతా పక్క షెడ్డుకు పోయింది.

“దీనిమీద కన్యాకుమారి వెళ్ళాలని మావాడు దారంతా నోటుబుక్కులో రాసుకున్నాడు,” అన్నాడు భూషణం. “ఇప్పుడు మేమిద్దరం వెళ్దామని. అయితే ముందుకు వాలి నడిపే బండి కదా, అరగంటకే నా నడుం పట్టేస్తుంది. హ్యాండిల్ పైకి లేపాలి. సీటు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. వెనక ఆవిడ ఆనుకోవడానికి దిండు, సామానుకు సంచులు, ముందు గాలి కొట్టకుండా అద్దం.”

“హ్యాండిల్ లేపితే పాత బ్రేకు పైపు అందది సార్. పొడుగుది ఎయ్యాలె.” నరేందర్ పానా చేతిలోకి తీసుకున్నాడు. “ముందు బ్రేకు ఇప్పాల్సొస్తది.”

భూషణం షెడ్డులోని బైకు దగ్గర వంగి చూశాడు. “బోల్టుల మీద ఈ ఎర్ర చుక్కలేంటి?”

“గోర్ల రంగు సార్, నా బిడ్డది. బోల్టు బిగించినంక చుక్క పెడ్త. చుక్క ఉన్నదంటే బిగించినట్టు. పగిలిందంటే బోల్టు కదిలినట్టు.”

“ఎప్పుడూ ఎరుపేనా?”

“ఎన్నడైనా ఎరుపే.”

“మావాడి బండికీ పెట్టేవాడివా?”

నరేందర్ చేతిలో పానా వణికింది. “అన్ని బండ్లకు పెడ్త సార్.”

భూషణం ఆ చేతుల వైపు కాసేపు చూశాడు. “సరే, ఎల్లుండే తెస్తాం,” అని ఆటో ఎక్కాడు.

అన్నట్టే తెచ్చారు. బండి కడిగించి, పసుపు కుంకుమలు పెట్టి, తళతళలాడుతూ తెచ్చారు. నరేందర్ సీటు పని చేశాడు, అద్దం బిగించాడు, సంచులకు ఇనుప చట్రం కట్టాడు. కాళ్ళు పెట్టుకునే కడ్డీలు కిందికి దించాడు. ముందు చక్రం వైపు మాత్రం నాలుగు రోజులూ వీపు పెట్టే కూర్చున్నాడు.

అయిదో రోజు వెనక సీటు కొలత చూడటానికి అనంతలక్ష్మి భర్తతో కలిసి వచ్చింది. ఎక్కి, దిండుకు ఆనుకుని చూసింది.

“హాయిగా ఉంది బాబూ. నీ చేతులేంటి, అలా వణుకుతున్నాయి?”

“నిద్ర లేదమ్మా.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఏడాదాయె.”

ఆవిడ భర్త వైపు చూసింది. “ఇక మిగిలింది బ్రేకే కదా, విప్పు,” అన్నాడు భూషణం.

నరేందర్ పానా కింద పెట్టేశాడు.

“సార్, ఒక మాట చెప్పాలె. ఆ దినం ఆ బోల్టులు బిగించిన్నో లేదో నాకు యాదికి లేదు. మీ కొడుకును నేనే సంపిన్నేమో. ఇప్పుడు సూడాలంటే భయమైతుంది.”

ఫ్యాక్టరీ సైరను మోగి ఆగింది.

“చూడు,” అన్నాడు భూషణం. “మేమూ ఇక్కడే ఉంటాం.”

నరేందర్ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, గుడ్డతో మెల్లగా తుడిచాడు. రెండు బోల్టులు. రెండు ఎర్ర చుక్కలు. ఎక్కడా పగుల్లేదు. బొటనవేలితో తడిమి చూసి, మళ్ళీ తడిమి, నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“బిగించిన సార్. నేను బిగించిన.”

“బిగించావు,” అన్నాడు భూషణం, రోడ్డు వైపు చూస్తూ. “మావాడిదే వేగం. చెప్తే వినేవాడు కాదు.”

ఆ తర్వాత పని గంటలో అయిపోయింది. హ్యాండిల్ పైకి లేపి, కొత్త పైపు వేసి, ఒక్కో బోల్టునూ ఒక్కసారే బిగించి చుక్క పెట్టాడు నరేందర్. ఏడాదిగా అతని చేతులు అంత నిలకడగా ఆడలేదు. బండి కదిలినప్పుడు “పైలం సార్, జర నిదానంగా పోండ్రి,” అని నవ్వాడు కూడా.

ఉప్పల్ దాటి నాగోలు వైపు వెళ్ళేటప్పుడు, మూసీ వంతెన మీద భూషణం బండి ఆపాడు.

“ఇక నిద్రపోతాడంటారా?” వెనక నుంచి అడిగింది అనంతలక్ష్మి.

“పోతాడు.”

ఆవిడ చేతిసంచిలోంచి ఎర్ర గోళ్ళరంగు సీసా తీసి నీళ్ళలోకి విసిరేసింది.