గేటు దాకా వచ్చిన బావగారు

"బిందువులు పోనుపోను ఒకదానికొకటి దగ్గరపడతానే ఉంటాయి రెబెక్కా. అవి చేరాల్సిన చోటు లోపల లేకపోతే మాత్రం అది బనాక్ అంతరాళం కాదు, అసంపూర్ణం," అన్నాడు ఎమ్మే పరీక్షకు చదువుతున్న లెక్కల మాస్టరు హెబ్రోను.

భార్య రెబెక్కమ్మ కిటికీలోంచి చూసింది. చర్చిలో పాట శ్రుతి దగ్గర తమ్ముడితో తగువాడి, ఏడాదిగా మాట్లాడని బావగారు పోయిన ఆదివారం వీధి చివర సోడాకొట్టు దాకా వచ్చారు. ఇవాళ గేటు బయట నిలబడి పెరటి చెట్టుకున్న మునక్కాయలు లెక్కపెడుతున్నారు.

"మీ అన్న దగ్గరపడతానే ఉండారు. లోపల చోటుందా?"

"తప్పు ఆయనది. ఆయన్నే రానీ!"

"వస్తానే ఉండారు కదండీ. అసంపూర్ణం మన ఇల్లే."

హెబ్రోను పుస్తకం మూశాడు. తన కుర్చీ ఎత్తుకెళ్లి వసారాలో వేశాడు.

అన్న వచ్చి కూర్చున్నాడు.

"కాయలు ముదిరిపోయినాయి. ఇన్నాళ్లూ ఏం చేస్తా ఉండావురా?"